పచ్చివాసన

ముక్కు మేస్త్రికి కలల్లో మాత్రం వాసనలు వస్తూనే ఉండేవి.

తెల్లవారుజామున, నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తేలుతున్నప్పుడు కొత్త టైరు వాసన వచ్చేది. గ్రీజు డబ్బా మూత తియ్యగానే తగిలే మందమైన వాసన వచ్చేది. కుట్టుమిషను నూనె అంటిన భార్య వేళ్ళ వాసన వచ్చేది. ఎవరో మెత్తటి గుడ్డల్ని ఒకదాని తర్వాత ఒకటి మొహం మీదుగా లాగుతున్నట్టు అవి వచ్చి వెళ్ళిపోయేవి. కళ్ళు తెరిచేసరికి ఏమీ ఉండేది కాదు. గది ఉండేది, కిటికీ ఉండేది, పక్కన ఆవిడ నిద్రపోతూ ఉండేది. అన్నీ కడిగిన అద్దం వెనక పెట్టినట్టు కనిపించేవి. ఆయన చప్పుడు కాకుండా చొక్కా చెయ్యి ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చి చూసుకునేవాడు. గాలి. ఉత్త గాలి.

మూడు నెలల కిందట పది రోజులపాటు జలుబూ జ్వరమూ వచ్చాయి. జ్వరం పోతూ పోతూ వాసనని మూటగట్టుకుని పట్టుకుపోయింది. "రావచ్చు, రాకపోనూ వచ్చు. ఓపిక పట్టండి," అన్నాడు డాక్టరు. ఆ మాటని ఆయన ఇంటిదాకా తీసుకురాలేదు. దారిలోనే ఎక్కడో వదిలేసి వచ్చి, "ఏం లేదట, నీరసమేనట," అని భార్యతో చెప్పాడు.

అందరికీ కోపం ముక్కు మీద ఉంటే మేస్త్రికి చదువు ముక్కు మీద ఉంది అనేవాళ్ళు ఆ చుట్టుపక్కల. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పద్ధతి ఒకటే. బండి షెడ్డులోకి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ఇంజను ఆపనిచ్చేవాడు కాదు. వెనక్కి వెళ్ళి సైలెన్సరుకి ఒక పక్కగా వంగి, అరచేత్తో పొగని మూడుసార్లు మొహం వైపు విసురుకుని, తల పక్కకి వాల్చి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. "రేడియేటరు నీళ్ళు లోపలికి దిగుతున్నాయి," అనేవాడు. లేకపోతే, "క్లచ్చి మీద కాలు పెట్టుకుని తోలుతున్నారు కదూ," అనేవాడు. రెండో మాట అంటే సొంతదారులు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. పెద్ద వర్క్‌షాపులో కంప్యూటరు తగిలించినా దొరకని జబ్బులు ఆయన దగ్గరికి వచ్చేవి. మేస్త్రి అసలు పేరు పోస్టు తెచ్చే ఆయనకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ముక్కు పోయిందని తెలిస్తే ఇక మిగిలేది మేస్త్రి ఒక్కడే. అలాంటి మేస్త్రులు వీధికి నలుగురున్నారు.

అందుకని మూడు నెలలుగా ఆయన దొంగాట ఆడుతున్నాడు. బ్రేకులు, క్లచ్చులు, బేరింగులు, అంటే చేత్తో చూసి తేల్చుకోగలిగిన పనులన్నీ ఒప్పుకుంటున్నాడు. పొగ బండి వస్తే మాత్రం, "ఖాళీ లేదండీ, వచ్చే వారం చూద్దాం," అంటున్నాడు. షెడ్డులో రెండు కార్ల స్థలం. ఒకటి ఎప్పుడూ ఖాళీగానే కనబడుతోంది. పైకప్పు రేకుల మధ్య వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకు ఒకటుంది, ఏళ్ళ తరబడి ఎండకి పసుపు తిరిగింది. దాని కింద ఆ ఖాళీ స్థలంలో మధ్యాహ్నమంతా తేనెరంగు వెలుతురు పడి ఉండేది. మేస్త్రి దానికేసి చూస్తూ కూర్చునేవాడు. సగం గోడకి అవతల ఆవిడ కారు సీట్ల కవర్లు కుట్టేది. మిషను ఆగి ఆగి నడిచేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆ వెలుతురులోకి బావమరిది కారు వచ్చి నిలబడింది.

బావమరిది ఫోటోలు తీస్తాడు. మనిషి నోరు తెరిచాడంటే వాన మొదలైనట్టే. ఆ కారు ఇరవై ఏళ్ళు దాటినది, కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చిన కొత్తల్లో తయారైంది. పెట్రోలు ఎంత పొయ్యాలో లోపలున్న చిన్న కంప్యూటరు పెట్టె చూసుకుంటుంది. ఇన్నాళ్ళూ అది బుద్ధిగానే నడిచింది.

"బావా, నా కారు సిగరెట్లు మానేసిందని సంతోషపడ్డాను. చుట్టలు మొదలుపెట్టింది చూడు," అన్నాడు దిగుతూనే.

వెనక నల్లగా పొగ.

"ఎన్నాళ్ళైంది?" అన్నాడు మేస్త్రి.

"నెల. పొగే అనుకున్నావా, తాగుడు కూడా! మా మావగారి తరఫు చుట్టాల్లా తాగుతోంది. ఆ పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. కంప్యూటరు పెట్టి చూసి, మీ బండి రిచ్‌గా నడుస్తోంది అన్నారు. పుట్టినప్పట్నుంచి నేను పూర్‌గా నడుస్తుంటే నా బండి రిచ్‌గా ఎలా నడుస్తుందయ్యా అన్నాను. ఒక్కడూ నవ్వలేదు."

"రిచ్ అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చిక్కగా పోస్తోందన్నమాట."

"అదేదో ఆక్సిజన్ సెన్సారట, పొగ గొట్టం మీద ఉంటుందట, అది మార్చారు. వారం రోజులు బాగైనట్టే అనిపించింది."

"కారుకా?"

"నా మనసుకి. కారుకి ఏ తేడా లేదు." బావమరిది పక్కకి జరిగి, రమ్మన్నట్టు చెయ్యి చాచాడు. "కానీ బావా, ఒక్కసారి పీల్చి చెప్పు. నీ ముక్కుకి ఇదెంత!"

ఖాళీ లేదు అనడానికి వీల్లేదు. ఖాళీ కళ్ళెదురుగా ఉంది, అడిగేవాడు ఇంట్లోవాడు. మేస్త్రి వెనక్కి వెళ్ళి వంగాడు. అరచేత్తో మూడుసార్లు విసురుకున్నాడు. వెచ్చటి గాలి చెంపకి తగిలింది, ముక్కూ మొహమూ తెలియని మనిషి ఎవరో దగ్గరగా వచ్చి ఊపిరి వదిలినట్టు. ఏమీ చెప్పలేదు అది. సగం గోడ అవతల మిషను ఆగింది.

ఈ బండి జబ్బు పట్టుకోలేకపోతే షెడ్డు మూసేస్తాను అని ఆ క్షణంలోనే ఆయన తనలో తను అనేసుకున్నాడు. అనుకున్నాక భయం వెయ్యలేదు. ఎత్తైన గట్టు మీదనుంచి నీళ్ళలోకి చూస్తున్నప్పుడు వచ్చే మగత లాంటిది కమ్మింది.

ఇంజను ఆపించి, చల్లారాక నాలుగు ప్లగ్గులూ విప్పాడు. నాలుగూ నల్లగా, పొడిగా, మఖమలు తొడిగినట్టు ఉన్నాయి. ఒక్కటే నల్లబడితే ఒక ఇంజెక్టరు కారుతోందనుకోవచ్చు. నాలుగూ ఒకేలా ఉన్నాయంటే జబ్బు నాలుగింటికీ పైన ఎక్కడో ఉంది. గాలి ఫిల్టరు చూశాడు, శుభ్రంగా ఉంది. ఆ తర్వాత పెట్రోలు ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటరు దగ్గరికి వచ్చాడు. దాని నెత్తిమీద చిటికెనవేలంత సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. లోపలి పొర చిరిగితే పెట్రోలు ఆ గొట్టంలోంచి ఇంజనులోకి దొంగదారిన పోతుంది. గొట్టం పీకి చూశాడు. లోపల తడి మెరిసింది.

పెట్రోలా, మరొకటా? ఒకప్పుడైతే ఊపిరి పీల్చేంతలో తేలిపోయే సంగతి. కాస్త ఆగి, తడిని తెల్లకాగితం మీద అద్ది ఆరుతుందో లేదో చూసినా తేలిపోయేది. కానీ బావమరిది మోచేతి దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు చేతిని పైకెత్తింది. మేస్త్రి గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చాడు.

"పెట్రోలే," అన్నాడు. "రెగ్యులేటరు పోయింది."

"చూశావా! కంప్యూటరుకి ముక్కు ఉందా, మొహమా!" అన్నాడు బావమరిది.

సాయంత్రానికల్లా రెగ్యులేటరు మార్చి, కొత్త గొట్టం తొడిగి పంపించేశాడు. చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ కూడా తగ్గినట్టే కనిపించింది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు కారు మళ్ళీ వచ్చింది.

"బావా, వెనకాల వచ్చేవాళ్ళందరికీ నా కారు కాటుక పెడుతోంది," అన్నాడు బావమరిది. ఆ నవ్వులో మొన్నటి జోరు లేదు. "పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టవుతుంది. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఊపిరాడనట్టు ఊగిపోతుంది. నువ్వు చూసింది... సరిగ్గానే చూశావు కదూ?"

ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

"వదిలేసి వెళ్ళు," అన్నాడు మేస్త్రి. బావమరిది బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన పనిబల్ల ముందు కూర్చున్నాడు. పానాలు గోడకి వరసగా వేలాడుతున్నాయి, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా. వాటిని ఎవరికి ఇవ్వాలి, ఏవి అట్టేపెట్టుకోవాలి అని మనసు దానంతట అదే లెక్క చూసుకుంటోంది. అవన్నీ అప్పుడే ఎవరో పరాయివాడి వస్తువుల్లా దూరంగా కనిపిస్తున్నాయి. అంతలో ఆవిడ వచ్చి పాత రబ్బరు గొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది మొన్న మీరు వాసన చూశారుగా. ఏం వాసనన్నారు?"

"పెట్రోలు."

"ఇంకోసారి చూడండి."

చూశాడు. "పెట్రోలేనే. ఎన్నిసార్లు చూసినా అదే."

"ఇది పాత నూనె వాసనండీ. నా మిషను అడుగున గుడ్డ పెడతానే, సరిగ్గా ఆ వాసన. దీనికి పెట్రోలు చుక్క కూడా తగల్లేదు."

మేస్త్రి గొట్టాన్ని చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. ఇంజను లోపలి నూనె ఆవిరి ఆ గొట్టం దాకా రావడం మామూలే. తడి అదే. మంచి రెగ్యులేటరుని పీకి పారేశాడు.

ఆవిడ బల్లకి ఆనుకుని నిలబడింది. "పోయిన నెల పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే మీరు పొయ్యికి ఆరడుగుల దూరంలో పేపరు చదువుతున్నారు. సరే, ధ్యాసలో లేరేమో అనుకున్నాను. తర్వాత మీ రుమాలుకి ఫినాయిలు రాసి ఇచ్చాను. మొహం తుడుచుకుని థాంక్స్ అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి థాంక్స్ అన్నారు, అదీ ఫినాయిలుకి."

ఆయనకి నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది.

"తెలిసీ అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను."

"చెప్తే ఏముంది? రేపట్నుంచి షెడ్డు తియ్యను, అంతే."

"రేపటి సంగతి నాకు తెలీదు. ఈ బండి ఇప్పుడిక్కడ ఉంది కదా. ఎక్కడ వాసన చూడాలో చెప్పండి, నేను చూసి చెప్తాను."

"కార్ల గురించి నీకేం తెలుసే?"

"కార్లు తెలీదు. ముక్కుంది," అంది ఆవిడ.

పూర్తిగా చల్లారిన ఇంజను కావాలి, కాబట్టి మర్నాటి పొద్దుటిదాకా ఆగారు. ఆ పొద్దున వీధంతా మంచు పట్టి ఉంది. ఎదురింటి గేటు, కరెంటు స్తంభం, ఆగి ఉన్న సైకిలు, ఒక్కొక్కటీ అంచులు లేకుండా కరిగిపోయి ఉన్నాయి. షెడ్డు తలుపులు బార్లా తీసి, ఆవిడని సైలెన్సరుకి ఒక పక్కన, గాలి తగిలేచోట చిన్న పీట మీద కూర్చోబెట్టాడు. తను సీట్లో కూర్చుని కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఏం వస్తోంది?"

"పచ్చివాసన," అంది ఆవిడ వెనకనుంచి.

"పచ్చివాసనేంటి?"

"పచ్చివాసనంటే పచ్చివాసనే! పిండి వేగకముందు వస్తుందే, అలా. ఉడకనిది."

ఆయన అద్దంలోంచి ఆవిడ తల వెనకభాగాన్ని చూశాడు. పొగకి ఆయన దగ్గర ఎన్నో పేర్లున్నాయి. ఈ పేరు ఎప్పుడూ తట్టలేదు. కాలకుండా బయటికొచ్చిన పెట్రోలుకి ఇంతకంటే సరిపోయే మాట ఇంకేముంటుంది!

"చల్లగా ఉన్నప్పుడు అది రావాలి. అప్పుడు దానికి చిక్కగానే కావాలి," అన్నాడు. "కాసేపట్లో పోతుంది, చూస్తూ ఉండు."

ఇంజను మెల్లగా తిరుగుతోంది. డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలింది. మంచు షెడ్డు గుమ్మం దాకా వచ్చి లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. మేస్త్రికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆ చప్పుడులో ఊగుతూ ఆయన ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చాడు.

"ఇప్పుడు?"

"పచ్చిగానే ఉంది."

ముల్లు సగానికి చేరింది. ముందు రేడియేటరు ఫ్యాను గిర్రున తిరిగి ఆగింది. ఇంజను కొద్దికొద్దిగా ఊగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడో?"

"పచ్చేనండీ. ఇందాకటికంటే ఘాటుగా ఉంది, కళ్ళు మండుతున్నాయి."

"ఇవతలికి వచ్చెయ్యి."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇంకా వేడెక్కలేదా ఇది?"

"ఎక్కింది. ముల్లు చూడు, సగంలో ఉంది. ఫ్యాను కూడా తిరిగింది."

"మరి పాలు కాగిపోయి పొంగుతుంటే కూడా మంట తగ్గించరేం? పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకి కాగిన సంగతి తెలీదా? చెప్పాల్సినవాళ్ళు చెప్పట్లేదేమో..." అని, ఆ మాట ఎక్కడ తగిలిందో తట్టి నాలుక కరుచుకుంది.

మేస్త్రికి తగలలేదు. తగిలిందేమో కానీ, దానికంటే ముందు ఇంకొకటి తగిలింది. ఆయన తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో వేడి ఇనుము టిక్కు టిక్కుమంటూ చల్లారడం వినిపిస్తోంది.

ముల్లు చెప్తోంది నిజమే. కానీ ముల్లుకి కబురు మోసేది వేరు, కంప్యూటరు పెట్టెకి కబురు మోసేది వేరు. ఆ కాలపు కార్లలో నీటి వేడి చూడటానికి రెండు సెన్సార్లు పక్కపక్కనే పెట్టేవాళ్ళు. డ్రైవరుకి చెప్పేది బాగానే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పెట్టెకి చెప్పేది మాత్రం ఎక్కడో తెల్లవారుజామున ఆగిపోయింది. ఎండెక్కినా, ఇంజను కుతకుతలాడుతున్నా, ఇంకా చలిగానే ఉంది అని అది కబురు పంపుతూనే ఉంది. పెట్టె పాపం ఆ మాట నమ్మి, చలిలో ఉన్న పిల్లకి దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు పెట్రోలు పోస్తూనే ఉంది. ఇంజను చల్లగా ఉందనుకున్నంతసేపూ పెట్టె ఆక్సిజన్ సెన్సారు మాట వినదు. అందుకే అది మార్చినా ఫలితం లేకపోయింది.

ఒళ్ళంతా కాగిపోతూ, ఇంకా మంచులోనే ఉన్నానని కలగంటున్న కారు. మేస్త్రికి దానిమీద చెప్పలేనంత జాలి కలిగింది.

మీటరు తెచ్చాడు. థర్మోస్టాటు పక్కన రెండు వైర్ల ప్లగ్గు లాగి, సెన్సారు రెండు కాళ్ళకీ మీటరు ముళ్ళు ఆనించాడు. చల్లగా ఉన్నప్పుడు రెండున్నర వేల ఓముల దగ్గర ఉండాలి, ఇంత వేడి మీద మూడొందలకి దిగాలి. మీటరు రెండు వేల నాలుగొందలు చూపించి అక్కడే కూర్చుంది.

"దొరికిందా?" అంది ఆవిడ.

"దొరికింది."

ఆయన మంచులోంచి నడుచుకుంటూ మలుపులో ఉన్న స్పేరు పార్టుల దుకాణానికి వెళ్ళి కొత్త సెన్సారు తెచ్చాడు. బొటనవేలంత ఉంది. ఇంజను చల్లారాక పాతది విప్పి, నీళ్ళు కారిపోకుండా రంధ్రాన్ని వేలితో మూసి, కొత్తది బిగించాడు. నాలుగు ప్లగ్గులూ తుడిచి పెట్టాడు. ఆవిడ మళ్ళీ పీట మీద కూర్చుంది.

మొదట పచ్చివాసన అంది. ముల్లు కదిలాక, కొంచెం తగ్గింది అంది. ముల్లు సగానికి వచ్చాక చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన సీట్లోంచి దిగి వెనక్కి వెళ్ళాడు. సైలెన్సరు చివర గాలి సన్నగా వణుకుతోంది, రంగు లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి కూర్చుని ఉంది. ఆ వాల్చడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

"ఏమీ రావట్లేదండీ," అంది.

బావమరిది సరిగ్గా అప్పుడే వచ్చాడు. పొగ లేని సైలెన్సరుని చూశాడు, చేత్తో మూసి చూశాడు, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది.

"బావా! పట్టేశావు! ముక్కంటే ముక్కు కాదు నీది! నేను మొన్న ఏదో అన్నానని మనసులో పెట్టుకోకు. ఏం వాసన వచ్చింది? చెప్పు, నలుగురికీ చెప్పుకోవాలి."

ఆ క్షణంలో చెప్పకుండా ఉండటం చాలా తేలిక. ఆవిడ పీట పక్కకి పెడుతూ అటు తిరిగింది, ఆయనకి చోటివ్వడానికన్నట్టు.

"నాకేం రాలేదు," అన్నాడు మేస్త్రి.

"అదే అంటున్నా, ఇప్పుడేం రావట్లేదు, బాగైపోయింది!"

"అది కాదురా. నాకు ఏ వాసనా రావట్లేదు. మూడు నెలలైంది. మొన్న నీ ముందు చూసినట్టు నటించాను. మంచి రెగ్యులేటరు పీకేశాను. ఇవాళ పట్టుకున్నది మీ అక్క."

బావమరిది ఇంకోసారి సైలెన్సరుని చూశాడు. అక్కని చూశాడు, బావని చూశాడు. ఇంజను హాయిగా గురక పెడుతోంది.

"మూడు నెలలంటే," అన్నాడు చివరికి, "పోయిన నెల మా ఇంట్లో భోంచేసి మా ఆవిడ వంట అద్భుతం అన్నావు?"

"రుచి తెలియబట్టి కాదు."

"మరి అంతకుముందు అన్నావే, తెలిసినప్పుడు?"

"అది పూర్తిగా అబద్ధం," అన్నాడు మేస్త్రి.

ముందు ఆవిడ నవ్వింది. తర్వాత బావమరిది షెడ్డు రేకులు అదిరేలా నవ్వాడు. నవ్వుతూనే వచ్చి, గ్రీజు అంటుతుందని కూడా చూసుకోకుండా బావ భుజం పట్టుకున్నాడు. వదలడానికి కాస్త సేపు పట్టింది.

కారు వెళ్ళిపోయాక కూడా మంచు పూర్తిగా విడలేదు. భార్యాభర్తలిద్దరూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. వీధి చివరనుంచి ఇంకో బండి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది, ఎక్కడో తడబడుతూ. మేస్త్రి తెరిచి ఉన్న తలుపు రెక్కలు రెండూ మూసుకోకుండా కొక్కేలు పెట్టాడు. ఆ షెడ్డు ఆ తర్వాత పదకొండేళ్ళు, ఆయన ఉన్నన్నాళ్ళూ, అలాగే తెరిచి ఉంది. ఆయనకి వాసన మాత్రం తిరిగి రాలేదు.

"ఇప్పుడేం వస్తోంది?" అన్నాడు ఆయన.

"దేనికి?"

"దేనికీ కాదు. ఊరికే. ఇక్కడ, ఇప్పుడు."

ఆవిడ గాలి పీల్చి చూసింది. "తడిసిన అట్టపెట్టె వాసన," అంది. "ఎవరో గడ్డం గీసుకుంటున్నట్టున్నారు, సబ్బు. మీ చొక్కా. ఇంకేదో ఉంది, ఉండండి..."

ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు.